కోటప్ప పుట్టిన రూము

"అవ్వా, శిల్ప వదిన నిన్ను ఏందో కోట హోటలుకు పిల్సుకపోయిందంట గదా. ఆడెట్లుండె?"

ఎట్లుండె అంటే ఏం చెప్పల్ల పాపా. బాగుండె. శానా బాగుండె. ఏమే, ఆ ఫోను ఈడ పెట్టినావు, నా మాటలన్నీ దాంట్లోకి పోతాండాయా? పోనీలే.

కోటంటే పెనుకొండ కోట అనుకుంటావేమో, అది కాదు. కనగానపల్లి పక్క, మా పాత ఊరి పైన మిట్ట మీద ఒక చిన్న కోట ఉండాది. మా కాలంలో అంతా ముండ్ల కంపలు, పడిపోయిన గోడలు, గబ్బిలాలు. ఎండ మండేటప్పుడు గొర్రెల్ని తోలుకపోయి ఆ గోడల నీడన నిలబెట్టేటోళ్ళం. ఇప్పుడు ఎవరో బెంగళూరాయప్ప దాన్ని కొన్న్యాడంట. కాదు కాదు, కొనలే, బాడుగకు తీసుకొన్న్యాడంట. గోడలు నిలబెట్టి, సున్నం కొట్టి, హోటలు చేసినాడు. మీ శిల్ప వదిన ఆ బొమ్మ ఫోన్లో చూసి, అవ్వా, మా నాయన పుట్టిన కోట ఇదే కదా, పోయి ఒక రేత్రి ఉండొస్తాం పద అనింది. రూముకు దుడ్లెంతమ్మే అంటే చెప్పలే ఆ పిల్ల. చెప్తే నేను రానని తెలుసు.

నేను ఒకటే అంటి. హనుమక్క వస్తే నేనూ వస్తా, లేకుంటే లేదు అంటి.

హనుమక్క నీకు తెలీదులే. నువ్వు పుట్టకముందు సంగతి. మీ తాతకు చెల్లెలు, నాకు ఆడబిడ్డ. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆయమ్మ పెండ్లి అయినా కూడా పుట్టింట్లోనే ఉండె, మొగుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్న్యారు. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఒకే చాప మీద పండుకునేటోళ్ళం. గొర్రెలు మేపేది ఆయమ్మ పని, సంగటి కెలికేది నా పని. అప్పుడు రాగులు ఎంత అగ్గువనుకున్న్యావు, అయినా మా ఇంట్లో కడుపు నిండా తినింది తక్కువే. అది ఇంకో కథలే.

మీ మామ పుట్టిన పొద్దు హనుమక్క గొర్రెలు తోలుకొని కోటకు పోయిండె. నాకు నెలలు నిండలే, ఇంకా ఉందిలే అనుకొని నేనే సంగటి గంప నెత్తిన పెట్టుకొని పోతి. మా అత్త వద్దనింది. మీ తాత ధర్మవరం సంతకు పోయిండె, ఇంక పోయేటోళ్ళు ఎవరు? మిట్ట ఎక్కేసరికి మబ్బు దిగింది చూడు, ఆ వాన ఈ మధ్య కాలంలో నువ్వు చూసింటావు అనుకోను. కింద వంక పొంగింది. అటు పోయే దావ లేదు. నాకు నొప్పులు మొదలాయ. మిద్దె కూలకుండా నిలిచిన రూము అంతా కలిపి ఒకటే ఉండె ఆ కోటలో. హనుమక్క గొర్రెల్ని బయటికి తోలేసి నన్ను ఆడ పండబెట్టింది. నేను భయపడి ఏడుస్తాంటే ఆయమ్మ ఏమనింది తెలుసునా. "వదినా, నేను గొర్రెలకు శానా కాన్పులు చేసినా గానీ మనుషులకు చేయలే. నువ్వు ఏడిస్తే నాకు చేయి ఆడదు" అనింది. అప్పుడు నోరు మూసుకుంటి.

బిడ్డ పడ్న్యాడు. తుడిచేకి గుడ్డ లేదు పాపా. నాది తడిసి ముద్దయి ఉండాది. హనుమక్క తన చీర సగానికి చింపి, దాంట్లో బిడ్డను చుట్టింది. కంబళి కప్పుకొని ఉండె కాబట్టి ఆ చీర ఒక్కటే తడవలే. మళ్ళా వంక దిగినాక, ఆ సగం చీర కట్టుకొని, మీద కంబళి కప్పుకొని, బిడ్డను ఎత్తుకొని ఊర్లోకి నడిచింది. ఊరంతా చూస్తాండె. ఆయమ్మ తల వంచలే. కోటలో పుట్న్యాడని కోటప్ప అని పేరు పెట్టింది కూడా ఆయమ్మే. మేనత్త కదా. ఆయమ్మకు పిల్లలు కాలేదు. మీ మామ ఆయమ్మ సంకలోనే పెరిగినాడు.

మళ్ళా మా మామ, అంటే మీ తాత నాయన, పోయినంక గొర్రెల్ని పంచుకునే కాడ మీ తాతకూ, హనుమక్క మొగునికీ మాటా మాటా వచ్చె. ఎవరిది తప్పంటే ఏం చెప్పల్ల, ఇద్దరూ పోయినారు ఇప్పుడు. ఆయప్ప పెండ్లాన్ని పిల్సుకొని తన సొంతూరికి, నంబులపూలకుంట పక్కకు పోయినాడు. అప్పట్నుంచి రాకపోకల్లేవు. హనుమక్క చావులకు కనపడేది, మూలన కూర్చొని ఏడ్చేది, అన్నం కూడా తినకుండా పోయేది. మీ మామ పెండ్లికి రాలే. నేను మనిషిని పంపితి, అయినా రాలే. మేము కూడా ఊరిడిసి హిందూపురం చేరితిమి, మీ మామ ఈడ లారీల షెడ్డు పెట్టుకున్న్యాడు కదా.

అందుకే ఈసారి నేను మనిషిని పంపలే. కోటప్పా, నువ్వే పోయి పిల్సుకరా నాయనా అంటి. పోయినాడు. ఏమంటాదో ఏమో అని నాకు పొద్దంతా కాలు ఒక తావ నిలవలే. వీడు పోయి, అత్తా, నేను పుట్టిన కోటకు పోతాండాము, నువ్వు రావల్ల అన్న్యాడంట. ఆయమ్మ ఇంట్లోకి పోయి, ఎంతసేపటికీ బయటికి రాలేదంట. వీడు ఇంక రాదులే అనుకొని చెప్పులేసుకుంటాంటే, ఉతికిన చీర కట్టుకొని, చేతిలో మూట పట్టుకొని వచ్చిందంట. మూటలో ఏముండె అనుకున్న్యావు? సంగటి ముద్దలు, నంజుకునేకి ఊరిబిండి పచ్చడి. హోటల్లో తింటే మనకు శానా ఖర్చయితాదని.

కోట వాకిట్లో మా మెడలో పూలదండలేసి, సల్లటి గుడ్డలిచ్చిరి మొగం తుడుచుకోమని. హనుమక్క నా పక్క చూడలే. మాకిచ్చిన రూములో మంచం మీద కూర్చుంటే లోపలికి దిగిపోతాదే. నాకు అది పడలే గానీ హనుమక్క కాళ్ళు చాపుకొని పండుకునింది, లెయ్యలే. భోజనం కాడ సంగటి కూడా పెట్టిరి. నిమ్మకాయంత ముద్ద, పైన ఆకు ఒకటి. హనుమక్క దాన్ని చూసి, వదినా, ఇది సంగటా, సంగటి పిల్లా అనింది. అన్నేండ్ల తర్వాత వదినా అనింది.

మాపటికి మీ శిల్ప వదిన మేనేజరు పాపకు సంగతంతా చెప్పి, ఆ రూము యాడుండాదో చూపించమనింది. అంతా మార్చేసినారు కదా, నాకైతే గుర్తు పట్టేకి కాలే. హనుమక్క ముందర నడిచింది. గోడ పట్టుకొని, రెండు మలుపులు తిరిగి, ఒక తలుపు ముందర నిలబడింది. ఇదే అనింది. మేనేజరు పాప సిగ్గుపడి, అయ్యో, ఇది బట్టలు పెట్టుకునే రూము అవ్వా, బాగుండదు అనింది. పర్వాలేదు తెరువమ్మా అంటిమి.

తెరిస్తే లోపలంతా తెల్లటి గుడ్డలు పాపా. దుప్పట్లు, తువాళ్ళు, ఉతికి మడతలేసి మిద్దెదాకా పెట్టినారు. హనుమక్క చేత్తో వాటిని తడిమింది. తడిమి, తడిమి, "ఇన్ని గుడ్డలా వదినా" అనింది. అంతే. నేను ఆయమ్మ చేయి పట్టుకుంటి. మీ మామ, అంత పెద్ద మనిషి, చెప్పులిడిసి లోపలికొచ్చి, అత్తా, యాడ అని అడిగినాడు. మూలన చూపించింది. ఆడ కూర్చున్న్యాడు, తువాళ్ళ మధ్యలో. చిన్నప్పుడు ఇస్కూల్లో కోటప్పా, నీ కోట యాడరా అని ఎగతాళి చేస్తే ఏడ్చుకుంటా వచ్చేటోడు. ఆ పొద్దు హోటలోళ్ళంతా వచ్చి, ఈ కోటలో పుట్టిన సారు అని వాన్తో ఫోటోలు తీయించుకుంటిరి. నవ్వు ఆగలే వానికి.

పొద్దన్నే ఇద్దరం కోట గోడ కాడ కూర్చుంటిమి. కాఫీ తెచ్చిచ్చిరి. హనుమక్క తనంతట తానే చెప్పింది, నేను అడగలే. "వాని పెండ్లికి రానిది కోపంతో కాదు వదినా. ఆ పిల్లోన్ని చూసి మళ్ళా ఇడిసిపెట్టి పోవల్ల కదా. ఒకసారి ఇడిసిపోయినప్పుడే నాకు చాలాయ" అనింది. వాని పెండ్లి నాటి సంగతులన్నీ అడిగింది, చెప్తి. ఎండెక్కే దాకా చెప్తానే ఉంటి.

తిరిగొచ్చేటప్పుడు ధర్మవరం దావ, పెనుకొండ దావ చీలే కాడ మీ మామ కారు నిలిపినాడు. ధర్మవరం పక్క పోతే కదిరి మీద ఆయమ్మ ఊరు, పెనుకొండ పక్క వస్తే మన ఇల్లు. వెనక్కి తిరగలే వాడు. అత్తా, యాపక్క తిప్పల్ల అన్న్యాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తాంటి, నా మొగం చూసి చెప్పకూడదని. హనుమక్క ఒడిలో మూట సర్దుకునింది.

"మీ ఇంటికి పోనీ నాయనా. మా ఇల్లు యాడికీ పోదులే" అనింది.

ఇంగ ఆ ఫోను ఆపమ్మా, చాలు. హనుమక్క మిద్దె మీద వడియాలు పెడతాండాది, పోయి చేయి సాయం పట్టు, నువ్వెవరో చెప్పుకో. సల్లగుండు తల్లీ, నీ చుట్టూ మనుషులుండల్ల ఎప్పుడూ... పో, ఎండ జాస్తి అయితాండాది.