పెట్టె మీద బొంత

ఇంటి వెనక గోడకున్న హీట్ పంప్ పెట్టెకు బొంత చుట్టి, తాడుతో బిగించి ఉంది. మెకానిక్ చూసి నిలబడిపోయాడు.

“ఇదెవరు కట్టారన్నా?”

“నేనే తమ్ముడూ. దీనిమీద మంచు పేరుకుంటే, లోపలి వేడి ఇటే పోతోందనుకున్నా.”

“బయటి గాల్లో వేడిని పీల్చి లోపలికి పంపేదే ఇది. దీని ముక్కు మూసేశావు.”

“ఇంత చలిలో వేడెక్కడిది?”

“ఇందులో తిరిగే గ్యాసు ఈ గాలికన్నా చల్లన. దానికి ఇదే వెచ్చన. ఆ గ్యాసును నొక్కితే వేడెక్కి గదిని వెచ్చబరుస్తుంది. ఎండాకాలం ఇదే తిరగబడి, గదిలో వేడిని బయట పారబోస్తుంది. కట్టి ఎన్నాళ్లయింది?”

“మూడు రోజులు. అమ్మ గది అప్పట్నుంచే చల్లబడింది.”

“బొంత మందంగానే ఉంది. ఎక్కడిది?”

ఇంటాయన ముడి విప్పి, బొంతను చేతుల్లోకి తీసుకున్నాడు.

“అమ్మది. గది వెచ్చగా ఉంటుంది, నీకెందుకమ్మా అని నేనే లాక్కొచ్చా.”