కింద పెట్టని సంచి

బీరువా మామయ్య వస్తుంటే ముందు గొంతు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. ఒకప్పుడు ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసేవాడు. నిండు బీరువాని ఒక్కడే వీపున కట్టుకుని మేడ మీదికి ఎక్కించానని చెప్పి చెప్పి ఆ పేరు సంపాదించుకున్నాడు. నా టీ కొట్టుకి ఎప్పుడొచ్చినా అత్తయ్యని వెంటబెట్టుకునే వస్తాడు. అత్తయ్యకి చెవులు వినపడక చాలా ఏళ్ళయింది. ఆయన ఒక కోత కోసి, పక్కనున్న ఆవిడ మోకాలు తట్టి "కదే?" అంటాడు. ఆవిడ తలూపుతుంది. ఆ సాక్ష్యంతో కథ ముందుకి పోతుంది. మా కొట్లో ఇది ఎప్పుడూ ఉన్నదే.

ఆ రోజు ఆవిడ చెవిలో కొత్త మిషన్ ఉంది.

"వచ్చేసిందా మామయ్యా? అత్తయ్యకి వినపడుతోందా?" అన్నాడు ఎలక్ట్రీషియన్, బల్ల మీద చోటిస్తూ.

మామయ్య కూర్చున్నాడు గానీ భుజానున్న గుడ్డసంచి దించలేదు. పక్కన పెట్టమంటే వద్దన్నాడు.

"డాక్టరమ్మ పెట్టి చూసిందిరా పొద్దున. నేను ఎదురుగా నుంచుని పిలిచాను. అంతా గోలగా ఉందని చెయ్యి ఊపేసింది. మాటలు అందడానికి టైం పడుతుందట. కొందరికి అందకపోవచ్చు కూడానట." ఆవిడ చెవి వంక ఒకసారి చూసి గొంతు పెంచాడు. "సరే, అది అలా ఉంచు. ఆ మిషన్ కోసం దరఖాస్తు ఎలా పెట్టానో అది విను ముందు."

"కంప్యూటర్లో పెట్టాలటగా. బోలెడు పేజీలని విన్నాను," అన్నాడు టైలరు.

నేను టీలు కలుపుతున్నాను. మామయ్య అందుకున్నాడు.

"పేజీలా? అవి పేజీలు కావు నాయనా, గదులు. గదుల సంగతి నాకు చెప్తావా నువ్వు, ఊరందరి గదులూ ఖాళీ చేసినవాణ్ణి. సేవా కేంద్రానికి పోయాం ఇద్దరం. కౌంటర్లో ఒక అమ్మాయి, చల్లగా ఉండాలి ఆ తల్లి, నేను చెప్తుంటే టకటకా కొడుతోంది. మొదటి గదిలో పేరు, చిరునామా, పుట్టిన తేదీ. కింద 'తరువాత' అని ఉంటుంది, అది నొక్కితే రెండో గది. అక్కడ చెవి సంగతి, డాక్టరు రిపోర్టు. మళ్ళీ 'తరువాత'. అలా పోతూ పోతూ ఫోటో పెట్టే గది దాకా వచ్చాం. అక్కడ నాకు అనుమానం వచ్చింది, ఈవిడ పుట్టిన సంవత్సరం తప్పు చెప్పానేమోనని. అమ్మా, ఒక్కసారి వెనక్కి పోయి చూద్దామా అన్నాను. పోయాం. ఏముందక్కడ? కడిగేసినట్టుంది. పేరు లేదు, చిరునామా లేదు. ముందుకి పోతే అక్కడా ఏమీ లేదు. సామానంతా లోపల సర్ది, లారీ దాకా పోయి వచ్చేసరికి ఇల్లు బోసిగా ఉందనుకో, ఎలా ఉంటుంది నీకు?"

"మళ్ళీ కొట్టించాలి, ఏం చేస్తాం," అన్నాడు టైలరు.

"కొట్టించాం. మళ్ళీ పోయింది. ఈసారి వెనక్కి కూడా పోలేదు. రిపోర్టు కోసం సంచిలో వెతుకుతున్నాను, కాస్త ఆలస్యమైంది, అంతే. 'మీ సమయం అయిపోయింది, మొదటి నుంచి రండి' అంది. ఎవరి సమయంరా అయిపోయింది? నా సమయం అయిపోయిందని చెప్పడానికి అదెవరు? నా బతుకంతా ఇదే. ఈ కిటికీలో చెప్పిన పేరు పక్క కిటికీ వాడికి తెలియదు. ఈ బల్ల దగ్గర చూపించిన కాయితం ఆ బల్ల దగ్గర మళ్ళీ చూపించాలి. కష్టపడేవాడు తను ఫలానా అని ఎన్నిసార్లు చెప్పుకోవాలి? అని నాకు మండిపోయింది. అమ్మా, నువ్వు కాస్త పక్కకి జరుగు, ఈ గదులు కట్టినవాళ్ళెక్కడ అన్నాను. పైన, మేడ మీద, అంది. ఎక్కాను."

"మేడెక్కి?"

"తలుపు తోశాను. అద్దాల గది. వరసగా కంప్యూటర్లు, ఒక్క ఇంజనీరు తలెత్తడు. ఇల్లు కట్టినవాడెవడయ్యా అన్నాను. అందరూ లేచి నుంచున్నారు."

"అందరూనా?" అన్నాడు టైలరు.

"కూర్చున్నవాళ్ళు లేచారు, నుంచున్నవాళ్ళు కూర్చున్నారు, అంత కంగారు. వాళ్ళ పెద్దాయన వచ్చి ఏమైంది బాబాయ్ గారూ అన్నాడు. చెప్పాను. నాయనా, గదికీ గదికీ మధ్య తలుపు పెట్టారు, బాగుంది. మనిషి ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతే వాడి సామానేం కావాలి? ఇంటి గుమ్మం దగ్గరే వాడి భుజానికి ఒక సంచి తగిలించండి. పేరు చెప్తే సంచిలో పడాలి. పుట్టిన తేదీ చెప్తే సంచిలో పడాలి. ముందుకి పోయినా వెనక్కి వచ్చినా సంచి వాడితోనే ఉండాలి. ఆఖరి గదిలో 'సమర్పించు' అని నొక్కాక అప్పుడు దించండి, అన్నాను. పెద్ద ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాడు. కదే?"

మోకాలు తట్టాడు. అత్తయ్య తలూపింది.

"అత్తయ్య కూడా మేడెక్కిందా? మోకాళ్ళ నొప్పులని చెప్పావు మొన్న," అన్నాడు టైలరు.

"కిందనుంచే చూసింది. అద్దాల గదని చెప్పానా లేదా? నువ్వు గుడ్డ కొలుచుకో, నా మాటలు కొలవకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంచి ఎక్కడ పెట్టాలని వాళ్ళలో వాళ్ళకి తగువు. ఒకడు మన సర్వర్లో పెడదామంటాడు, సర్వరంటే కింద చీకటి గదిలో ఉండే పెద్ద మిషను. ఇంకొకడు ఎవరి కంప్యూటర్లో వాళ్ళదే ఉంచుదామంటాడు. నేనన్నాను, మీ దగ్గర పెడితే కాసేపటికి మర్చిపోతారు, వాళ్ళ దగ్గర పెడితే కంప్యూటరు కట్టేస్తే పోతుంది, రెండు చోట్లా పెట్టి చావండిరా అని. సరేనని కుట్టడం మొదలెట్టారు. ఈలోపు కింద మా ఆవిడ పేజీ పోకూడదు కదా? కదలకుండా ఉంటే మర్చిపోయే రకం అది. దిగొచ్చి దాని ముందు కూర్చుని రెప్పవేయకుండా చూశాను. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. భోజనాల వేళ దాటిపోయింది. చివరికి అదే రెప్పవేసింది."

"కంప్యూటరు రెప్పవేసిందా?"

"వేసి, తల కూడా దించుకుంది. కానీ అసలు చిక్కు అప్పుడొచ్చింది. తొందరలో వాళ్ళు ఒక్కటే సంచి కుట్టారు. ఊరందరికీ ఒక్కటే. ఎవరెక్కడ కూర్చుని ఏం కొట్టినా నా సంచిలోనే పడుతోంది. ఎవరి పిల్లకో స్కూల్లో సీటు, పడింది. ఎవరింటికో నీళ్ళ కనెక్షను, పడింది. ఎవరిదో పెళ్ళి నమోదు, పెళ్ళికొడుకుతో సహా పడింది. బరువెక్కుతోంది, బరువెక్కుతోంది, భుజం ఒరిగిపోతోంది."

"దరఖాస్తుకి బరువేంటి మామయ్యా? కరెంటుకి బరువుంటుందా ఎక్కడైనా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"వైర్లు లాగేవాడివి, నీకేం తెలుస్తుంది. బరువు కాయితానిది కాదురా, మనిషి అవసరానిది. నీళ్ళు లేని ఇల్లు మొయ్యి ఒకసారి, తెలుస్తుంది. నేను మోశాను. గుమ్మం దాటుతుంటే గుమ్మం వంగింది. బయట లారీలో వేస్తే టైర్లన్నీ కూర్చున్నాయి. ఏం ఎక్కించావయ్యా అన్నాడు డ్రైవరు. జనం పేర్లు అన్నాను."

"కంప్యూటర్లో ఉన్నదానికి లారీ ఎందుకు?" అన్నాను నేను.

"నువ్వు పాలు చూసుకో, పొంగుతున్నాయి. అంతలో సర్వర్ పడిపోయింది. పొగ. అందరి గదులూ ఒక్క దెబ్బకి ఖాళీ. ఇంజనీర్లు గోడకి జారబడిపోయారు, ఒకడైతే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. నేనేం చేశాను? సర్వర్ తీగ చివర పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను."

"ఉట్టి చేతుల్తో తీగ పట్టుకున్నావా? షాక్ కొట్టలేదూ?"

"కొట్టబోయింది, నన్ను చూసి ఊరుకుంది. ఏ ఇంట్లో ఏ గిన్నె ఏ మూటలో ఉందో చూడకుండా చెప్పేవాణ్ణి నేను. సంచిలోకి చెయ్యి పెట్టి, తడుముకుంటూ, ఒక్కొక్క పేరే తీగలోకి చెప్పాను. పేరు, చిరునామా, పుట్టిన తేదీ. ఇంటిపేర్లలో ఒత్తులు కూడా వదల్లేదు. నేను చెప్తుంటే ఊళ్ళో సిగ్నళ్ళన్నీ పచ్చగా వెలిగాయి. సముద్రం అవతలి సర్వర్లు పని ఆపి విన్నాయి. పైన పోతున్న విమానం కాసేపు అక్కడే నుంచుంది, ఆ ఇంటిపేరు మళ్ళీ చెప్పండని. అన్నీ అయ్యాక ఆఖర్న మా ఆవిడ పేరు చెప్పాను. అప్పుడా పెద్ద మిషను నోరు తెరిచింది. చాలు మామయ్యా, గుర్తుంది, ఇంక జన్మలో ఎవర్నీ మర్చిపోను, అంది."

"మిషనుకి కూడా నువ్వు మామయ్యవేనా?"

"వరస కలుపుకున్నవాళ్ళందరికీ. ఇదిగో, అలా వచ్చిందిరా ఈ చెవి మిషను. కావాలంటే ఆవిణ్ణే అడగండి. కదే?"

మోకాలు తట్టాడు.

అత్తయ్య తలూపలేదు.

మళ్ళీ తట్టాడు.

"కాదు," అంది అత్తయ్య.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. మామయ్య చెయ్యి ఆవిడ మోకాలి మీదే ఉంది.

"కాదన్నాను. ఆ కేంద్రానికి మేడెక్కడుంది? రేకుల కప్పుగా."

టైలరుకి టీ పొలమారింది.

"ఇంజనీర్లూ లేరు, లారీ లేదు," అంది ఆవిడ, చాలాకాలంగా వాడని గొంతుతో, ఒక్కొక్క మాటే రుచి చూస్తున్నట్టు. "ఆ కౌంటరు పిల్ల ఒక్కతే ఉంది. పేజీ పోయిన ప్రతిసారీ మొదట్నుంచి కొట్టింది, మొహం ముడుచుకోకుండా. భోజనం డబ్బా పక్కన మూత తీయకుండా అలాగే ఉంది. ఆఖరికి ఎవరికో ఫోన్ చేసి చెయ్యి తిప్పుతూ దెబ్బలాడింది. మర్నాడు పోతే పేజీ అడుగున 'దాచు' అని కొత్తగా వచ్చింది. అది నొక్కుకుంటూ పోయాం. ఏదీ పోలేదు. చెవులు లేకపోయినా కళ్ళున్నాయి నాకు."

"మరి మామయ్యేం చేశాడు అత్తయ్యా?" అన్నాడు టైలరు, సంబరంగా.

"సంచి పట్టుకుని నుంచున్నాడు. మొదటిసారి పేజీ పోయే ముందే ఈయన సంచి కింద పెట్టాడు. కింద పెట్టినందుకే పోయిందని మనసులో పడిపోయింది. ఇంక ఆ పిల్ల కుర్చీ చూపించినా కూర్చోలేదు, సంచి దించలేదు. నా కాయితాలన్నీ అందులోనే. ఇంటికొచ్చి చూస్తే భుజం వాచి ఉంది. మిషను చేతికొచ్చినా ఇదిగో, ఇంకా దించలేదు చూడండి." ఆవిడ ఆ సంచి వంకే చూస్తోంది. "బీరువా మోశాడో లేదో నాకు తెలియదు. ఇది మాత్రం మోశాడు."

ఎవరం నవ్వలేదు. నవ్వాలనే అనుకున్నాం.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎప్పట్నుంచే వినపడుతోంది నీకు?"

"మొదట గ్లాసులో చెంచా వినపడింది. గోలంతా ఒక పక్కకి పోయి అదొక్కటే టింగుమంది. తర్వాత నీ గొంతు. గదులు, గదులు అంటున్నావు."

"మరి ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడంటే తలూపావేంటి అత్తయ్యా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అక్కడే ఆపితే మిగతాది చెప్పేవాడు కాదుగా. ఇన్నేళ్ళూ వేటికి తలూపానో తెలుసుకోవద్దూ?"

అప్పుడు నవ్వాం. మామయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా, మొహం అటు తిప్పుకుని. తర్వాత భుజాన్నించి సంచి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా చెయ్యి తీయకుండా ఆవిడ మొహంలోకి చూశాడు, ఏదైనా చెరిగిపోతుందేమోనని. ఏదీ పోలేదు. చెయ్యి తీశాడు.

"రేపు పొద్దున్నే పోదాం ఆ అమ్మాయి దగ్గరికి," అన్నాడు. "వినపడిందని చెప్పాలి. ఊరికే మిషను వచ్చిందని కాదు, వినపడిందని. ఎంతమందికి అలా మొదట్నుంచి కొట్టిపెట్టి ఉంటుందో. ఒక్కళ్ళయినా తిరిగొచ్చి చెప్పారో లేదో."

"చెప్పు. విమానం సంగతి మాత్రం చెప్పకు," అంది అత్తయ్య.

నేను కొత్త టీ పోసి గ్లాసు ఆయన ముందు పెట్టాను. మామయ్య గ్లాసు తీసుకుని, ఏళ్ళ అలవాటు కొద్దీ ఆవిడ చెవి దగ్గరికి వంగి, వీధి చివరి దాకా పోయేలా "టీ తాగుతావా?" అన్నాడు.

అత్తయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అరవకు. వినపడుతోంది."

ఆయన నోరు తెరిచి, మూసేశాడు. మెల్లగా మాట్లాడ్డం ఆ మనిషికి ఎప్పుడో మర్చిపోయిన పని. తర్వాత మళ్ళీ వంగి ఏదో అన్నాడు. ఎదురుగా నుంచున్నా నాకే వినపడలేదు.

అత్తయ్య తలూపింది.