బెంచి ఒప్పుకోవాలె

హలో… ఆ ఆ, నేనే. కిషన్‌నే. రాణీగంజ్ ఐరావత్ మోటార్ సైకిల్ షోరూమే… నమస్తే సత్యవేణి మేడమ్! హెడ్డాఫీసోళ్లు ఆదివారం సుత పనిచేస్తరా?

…యాదికుంది మేడమ్. సాయంత్రం అయిదు లోపల ముప్పై ఏండ్లు దాటని కస్టమర్లు ఇద్దరు. లేకుంటే మా ఏజెన్సీ కట్. మీ ఉత్తరం అద్దానికే అతికించుకున్న.

…ఒకటైంది. … నిజంగనే! ఇరవై నాలుగేండ్లు. పేరు లోవరాజు. అనకాపల్లి పిల్లగాడు, మాదాపూర్‌ల సాఫ్ట్‌వేర్.

…రెండోదా? ఇప్పుడు నాలుగున్నరే గద, జెర ఓపిక పట్టుండ్రి.

…అయ్యో, పిల్లలు రాక కాదు మేడమ్. పొద్దుగాల నుంచి పదకొండు మంది వచ్చిన్రు. … బండి వాళ్లకు నచ్చలేదని ఎవరన్నరు? వాళ్లే బండికి నచ్చలే.

…ఎట్లంటే… ఇక్కడ ఒక బెంచి ఉన్నది మేడమ్.

…బెంచి. కూసునే బెంచి. దాని మీద మా నాయిన, పర్వతాలు గారు. డెబ్బై రెండేండ్లు, షోరూమ్ పెట్టింది ఆయనే. ఆయన పక్కకు నేరేడ్‌మెట్ నుంచి మిలిటరీ సుబేదార్ సాబ్. ఆయన పక్కకు అల్వాల్ నుంచి రైలు డ్రైవర్ సాబ్. ఇద్దరూ రిటైర్ అయినోళ్లే. ముప్పై ఏండ్ల సంది ఇక్కడ గదే పద్ధతి — ఐరావత్ కొంటనన్నోడు ముందుగాల బెంచి ముందట నిలవడాలె.

…ఆ, ఇంటర్వ్యూ అనుకోండ్రి. ఏ ఊరు, ఏం పని, ఎవరి కొడుకువి, వానల బండి ఆగితే ఏం చేస్తవ్… పెండ్లిచూపులల్ల సుత గన్ని అడగరు. ఆ తర్వాత కిక్కు కొట్టాలె. అయిదు కిక్కులల్ల స్టార్టయితేనే తాళంచెయ్యి.

…నవ్వకుండ్రి మేడమ్! పొద్దుగాల ఒకడు “సెల్ఫ్ స్టార్ట్ లేదా అంకుల్” అన్నడు. సుబేదార్ సాబ్ లేచి దర్వాజ చూపిచ్చిండు. ఇంకొకడు మైలేజ్ ఎంత అన్నడు. డ్రైవర్ సాబ్ ఒక గిలాస నీళ్లు తాపి, భుజం తట్టి, పంపిచ్చేసిండు. మూడోవాడు ఎడమకాలుతోని గేరు దేవులాడిండు. మన బండికి గేరు కుడికాలుకు గద… మా నాయినకు బీపీ షురూ అయింది.

…మీ రిపోర్ట్ చదివిన మేడమ్. కాలేజీ పిల్లలు మన బండి ఎందుకు కొంటలేరని నలభై పేజీలు. బరువెక్కువ అని రాసిన్రు, సప్పుడెక్కువ అని రాసిన్రు, డిజైన్ పాతదని రాసిన్రు. బెంచి గురించి ఒక్క ముక్క రాయలే.

…తీసేయాల్నా? దాని మీద మా నాయిన ఉన్నడు మేడమ్!

…ఓనర్‌ని నేనే, కాదంటలే.

…నేనేం నడుపుతనా? … స్కూటర్. … ఆ, మీరు సరిగ్గనే విన్నరు. ఐరావత్ డీలర్‌ని, స్కూటర్ మీద దుకాణానికి వస్త. పందొమ్మిదేండ్లప్పుడు నేను సుత బెంచి ముందట నిలవడ్డ. అయిదు కిక్కులు కొట్టిన. కాలే. నాయిన తాళంచెయ్యి జేబుల ఏసుకున్నడు. … ఇరవై ఏండ్లాయె. మల్ల అడగలే. అమ్ముడే గని ఎక్కుడు లేదు. ఎందుకో ఈ బండ్లను తుడిచేటప్పుడు మనసుకు తక్లీఫయితది మేడమ్.

…లోవరాజా? నాలుగో కిక్కుకు పాసయిండు. ముగ్గురూ వాన్ని గుండెలకు హత్తుకొని, అలాయ్ బలాయ్ తీసుకొని, జరిగి, బెంచి మీద జాగ సుత ఇచ్చిన్రు. మూడున్నర నుంచి అక్కడ్నే ఉన్నడు. పొమ్మంటే పోతలేడు.

…ఒక్క నిమిషం, ఎవరో వచ్చిన్రు. … ఆడపిల్ల! రా అమ్మా, ఈ ఫారం నింపు… కల్పలత అంట మేడమ్. కాప్రా. కాల్ సెంటర్‌ల చేస్తదంట. ఇరవై ఆరేండ్లు! సంతకం పెట్టేసింది! రాసుకోండ్రి…

ఆగుండ్రి, రాయకుండ్రి. బెంచి పిలుస్తున్నది.

…అడుగుతున్నరు… చెప్తున్నది… ఇంకా అడుగుతున్నరు… బండెక్కింది—

మేడమ్. ఒక్క కిక్కుకే స్టార్టయింది.

…ఆ, గా సప్పుడే. … లేదు, ఎవరూ చప్పట్లు కొడతలేరు. నాయిన నోరు తెరిచిండు, మూస్తలేడు. ముప్పై ఏండ్లల్ల ఒక్క కిక్కుకు ఎవరికీ కాలే మేడమ్. ఆయనకు సుత.

…రాసుకో— ఆగుండ్రి, ఎవరో ఒప్పుకోనంటున్నరు. … సుబేదార్ సాబ్ కాదు. డ్రైవర్ సాబ్ కాదు. … లోవరాజు!

…వేలు చూపిచ్చి మరీ అంటున్నడు మేడమ్ — “మా రోజుల్లో నాలుగు కిక్కులు కొడితే గానీ స్టార్టయ్యీది కాదు. ఒక్క కిక్కుకి అయిపోతే బండికేటి గౌరవం?” అంట!

…వాని రోజులంటే ఇయ్యాల మూడున్నర నుంచి మేడమ్. గంటనే అయింది!

…అమ్మా! కల్పలతమ్మా!… పోతున్నది మేడమ్. … బండి మీదనే! రోడ్డెక్కింది! … దొంగతనమేంది, తన స్కూటర్ తాళంచెయ్యి నా బల్ల మీద పెట్టి పోయింది. బుకింగే! రాసుకోండ్రి!

…నాయినా? బెంచి మీద… లేడు మేడమ్.

…అయ్యో. వెనక సీటు మీద ఉన్నడు. … బండి వెనక! ఆ పిల్ల భుజం పట్టుకొని, చిన్నపిలగాని లెక్క చెయ్యి ఊపుతుండు. … వయసులు కలిపి సగటు తీయకుండ్రి మేడమ్, మీ కాళ్లు మొక్కుత!

…మిగిలిన ముగ్గురా? బండి వెనక ఉరుకుతున్నరు. లోవరాజే ఆఖరున ఉన్నడు.

…ఏజెన్సీ ఉంటదా? … నిజంగనా? … సంతోషం మేడమ్. చాలా సంతోషం. … మా నాయిన గట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే.

…మేడమ్, ఇంకొక మాట. బెంచి ఖాళీగున్నది. … మొత్తం. ఒక్కలు సుత లేరు. షోరూమ్‌ల ఇంకొక బండి ఉన్నది…

…నా వయసా? ముప్పై తొమ్మిది. మీ లెక్కకు రాను, నాకెరికే.

…లైన్‌ల ఉండుండ్రి. ఫోను బల్ల మీద పెడుతున్న. కిక్కులు మీరు అక్కడ్నుంచి లెక్కపెట్టుండ్రి. అయిదు దాటితే… అయిదు దాటితే జెర వినబడనట్టు ఉండుండ్రి మేడమ్.