పాలసీ చదువు

బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్న తాత పక్కకు మనవరాలు వచ్చి నిలబడింది. పబ్లిక్ పాలసీలో ఎమ్మే పాసై ఏడాది దాటింది. ఆ పొద్దున్నే ఉద్యోగం కబురొచ్చింది.

"తాతయ్యా, పక్కింటాయనకి నేను పాలసీలు కట్టించే చదువు చదివానని చెప్పావట?"

"చెప్పాను. కాదా ఏంటి?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అది బీమా కాదు. ఊరందరికీ నీళ్లెలా అందాలి, బస్సులెటు తిరగాలి, అవన్నీ ఆలోచించే చదువు."

"అయితే మంత్రివైపోతావన్నమాట."

"కాను. మంత్రికి సలహా చెప్తాం."

"వింటాడా?"

"వినడు."

"మీ నాన్నమ్మ బతికినన్నాళ్లూ నా దగ్గర చేసిందదే ఉద్యోగం. జీతం కూడా లేదు పాపం."

మనవరాలు నవ్వలేదు.

"ఇంతకీ ఎక్కడే ఉద్యోగం? నువ్వు ఆశపడ్డ నీళ్లాఫీసులోనేనా?"

"వాళ్లు ఈసారి కూడా తీసుకోలేదు తాతయ్యా. ఇంక ఖాళీగా కూర్చోలేను. ఒప్పేసుకున్నాను."

"మంచిపని చేశావు. ఎక్కడా అని."

ఆమె కుండీలో ఎండుటాకు తుంచింది.

"బీమా కంపెనీలో."

తాత చేతిలో చెంబు ఒరిగి నీళ్లు నేలపాలయ్యాయి. తన మాటే నిజమైనందుకు ఆయనకు నవ్వు రాలేదు.

"పక్కింటాయన అడిగితే చెప్తాలే. అది బీమా కాదయ్యా, ఊరందరికీ నీళ్లెలా అందాలో ఆలోచించే చదువని."