ఆపని పరీక్ష

చెల్లెలు డిజైన్ చేసిన చక్రాల కుర్చీ ఇసుక మూటల బరువు మోస్తూ, పరీక్షల గదిలో గతుకుల రోలర్ల మీద దడదడలాడుతోంది. అక్కడ పరీక్షలు చేసేది అక్క. చెల్లెలు తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, ఇది నిన్ననే పాసైందిగా! ఇంకా ఎందుకు తిప్పుతున్నావ్?"

"విరుగుతుందేమోనని."

"నా కుర్చీయా?"

"నీదే. పొద్దున లేస్తే ఇంట్లో నీ జపమే. నా గురించి ఎవరైనా అడిగితే అమ్మ ఏమంటుందో తెలుసా? 'పెద్దది ఏవో విరగ్గొడుతుంటుంది' అంటుంది. విని విని ఒళ్లు మండిపోయింది."

చెల్లెలు నవ్వబోయి ఆగింది. "మరి విరిగిందా?"

"ముందరి చక్రం పైన, అతుకు దగ్గర చూడు. వెంట్రుకంత బీట. ఇందాకే కనబడింది."

అక్క రోలర్లు ఆపింది. చెల్లెలు కింద కూర్చుని బీటను వేలితో తడిమింది. ఇప్పుడైనా దాని మొహం మాడుతుందని అక్క ఆశగా చూసింది.

"అమ్మో! ఏ ముసలాయనో రోడ్డు దాటుతుంటే విరిగితే? నువ్వు నిన్ననే ఆపేసి ఉంటే కొంప మునిగేదే! ఇక్కడ వెల్డింగ్ మార్పిస్తాను. మళ్లీ నువ్వే తిప్పాలి, ఇంకెవరికీ ఇవ్వను."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకొస్తుంది? నువ్వు చేసింది మంచి పనేగా! సాయంత్రం అమ్మకి నేనే చెబుతాను."

అక్క కుర్చీలోంచి ఒక ఇసుక మూట దించింది. మంచితనంలో కూడా దీనిదే పైచేయి.

"ఒక్కసారి తిట్టవే, నీకు పుణ్యముంటుంది," అంది. "నాకూ కాస్త తృప్తిగా ఉంటుంది."