ముందు సీట్లో టైలరు

ఊరి చివర రోడ్డు మీద పొడుగాటి సైకిలు ఒకటి: సీట్లు రెండు, పెడళ్ళు రెండు జతలు, చక్రాలు మాత్రం రెండే. ముందు సీట్లో టైలరు. వెనక సీట్లో ఆయన బావమరిది. సైకిలు మెకానిక్కు, చూపు పోయి రెండేళ్ళయినవాడు. ఇద్దరూ పందెంలోనే ఉన్నారు. పందెమే వాళ్ళకి చాలా ముందుంది.

"తొక్కుతున్నావా బావా?"

"తొక్కుతున్నానురా!"

"తొక్కుతున్నావా, పెడళ్ళ మీద కాళ్ళు ఆరేసుకున్నావా?"

"బయల్దేరిన దగ్గర్నుంచి ఇది తొమ్మిదోసారి అడగడం."

"మనల్ని దాటిపోయిన బళ్ళూ తొమ్మిదే. ఇప్పుడు వెళ్ళిందెవరు?"

"ఎవరో... కుర్రాళ్ళు."

"కుర్రాళ్ళు 'నెమ్మదే, నా మోకాలు' అంటారా?"

"సరే, ముసలాయనే. వెనక ఆయన భార్య. చెయ్యి కూడా ఊపింది."

"చెప్పవేం? నేనూ ఊపేవాణ్ణిగా! పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్నాడు, కాళ్ళు ఉక్కులా ఉంటాయనుకుని ఎక్కించుకున్నాను చూడు, నన్ననాలి."

"పాతికేళ్ళు తొక్కినా నా మిషను గుమ్మం దాటలేదురా. ముందే చెప్పాను."

"టైలర్ని ముందు పెడితే బండి టెయిల్లో ఉండక ఇంకెక్కడుంటుంది!"

"నన్నేమైనా అను, వృత్తిని మాత్రం... అమ్మో!"

"ఏంటి? మలుపా?"

"కుక్క. వెళ్ళిపోయిందిలే."

"బావా, ముందు కూచున్నవాడు రోడ్డు చెప్పాలి. ఎడమ, కుడి, గుంట, దిగుడు. గంట నుంచీ నీ నోట 'అమ్మో' తప్ప ఇంకో మాట లేదు."

"భయంలో ఎడమేదో కుడేదో ఎవడికి గుర్తుంటుంది? అయినా ఆ దిగుడు మలుపులో బ్రేకు పడకపోతే ఇద్దరం కాలవలో ఈదుతుండేవాళ్ళం. పట్టిందెవరు? నేను!"

"ఊఁ. టైమెంత?"

"తొమ్మిదీ నలభై ఏడు."

"పదికల్లా పందెం గేటు మూసేస్తారు."

"మూస్తే మూశారు. మొదటిసారికి ఇంత దూరం రావడమే..."

"అలా తేలిగ్గా అనకు. పదిలోపు గేటు దాటకపోతే ఈ బండి అమ్మేసి, జన్మలో మళ్ళీ సైకిలెక్కనని అక్కకి మాటిచ్చాను. రెండు పాత సైకిళ్ళు కలిపి, తడుముకుంటూ ఆర్నెల్లు కట్టాను దీన్ని."

"అమ్మితే ఏమైందిరా? కొట్లో ఫ్యాను కింద కూచుని హాయిగా చెయిన్లు బిగించుకోవచ్చు."

"ఫ్యాను గాలి స్విచ్చేస్తే వస్తుంది. ఇది నేను తొక్కితే వచ్చే గాలి. రెండేళ్ళ తరవాత ఇవాళే మళ్ళీ మొహానికి కొట్టింది బావా. నువ్వూ తొక్కితే ఇంకాస్త కొట్టేది."

"ఒరేయ్, ఒకటి చెప్తాను. కొట్టవు కదా?"

"కొడితే బండి పడుతుంది. చెప్పు."

"నేను బ్రేకు పట్టుకునే ఉన్నానురా. బయల్దేరిన దగ్గర్నుంచీ. మీ అక్కే పట్టమంది. 'కళ్ళు ఎలాగూ పోయాయి, ఇక మనిషి కూడా పోతే? ఎలాగోలా ఓడించి తీసుకురండి' అంది. నేను వద్దన్నాను. అంటే, మనసులో అన్నాను. మీ అక్క సంగతి నీకు తెలీందేముంది."

"కుట్టేవాడికి కుట్రలూ వచ్చన్నమాట."

"తిట్టు, పడతాను. ఇదిగో, వదిలేస్తున్నా. వదిలేశా! ఇక చూడు, బాణంలా దూసుకుపోతుంది!"

"పోతోందా?"

"...లేదేంట్రా?"

"పోదు. నీ బ్రేకు లివర్లకి తీగల్లేవు. పొద్దున నువ్వు టీ తాగుతుంటే విప్పేశాను. పట్టుకుంటే బిగువుగా తెలియాలని లోపల స్ప్రింగులు పెట్టాను. మన వంటింటి గోడ పలచన బావా. మీ ఇద్దరి గుసగుసలూ నా మంచం దాకా వస్తాయి."

"మరి దిగుడులో బండి ఆపిందెవరు?"

"నేను. రెండు బ్రేకులూ వెనక నా దగ్గరున్నాయి. నువ్వు 'అమ్మో' అంటే నేను నొక్కుతున్నాను."

"ఒరేయ్! చూపు లేనివాడి చేతిలో బ్రేకులా!"

"చూపున్నవాడి చేతిలో పెడితే ఏం చేశాడో చెప్పావుగా ఇప్పుడే!"

"మరి బ్రేకు పడకపోతే ఇంత నత్తనడక ఎందుకురా?"

"నీ బలమంతా వేళ్ళలో పోశావు. కాళ్ళు నేను తిప్పితే తిరుగుతున్నాయి. ఇప్పుడైనా తొక్కు!"

"తొక్కుతున్నా... తొక్కుతున్నా... అబ్బ! ఒరేయ్, గాలి నిజంగానే కొడుతోందిరా!"

"టైము?"

"యాభై ఎనిమిది. గేటు కనిపిస్తోంది! ముసలాయన్ని దాటేస్తున్నాం, చెయ్యి ఊపు!"

"ఊపాను!"

"అటు కాదు, కుడివైపు!"

"చూశావా, కుడి అనే మాట నీకు వచ్చు! బావా, ఒక్కటి గుర్తుపెట్టుకో. గేటు దాటేదాకా 'అమ్మో' అనకు. అన్నావంటే నా వేళ్ళు ఆగవు."

"ఎందుకంటానురా, తిన్నటి రోడ్డు, ఎదురుగా గేటు, గేటు పక్కన... అమ్మో! మీ అక్క!"

"నొక్కేశాను!"

"ఎందుకాపావురా!"

"అనొద్దని చెప్పానా! దాటామా?"

"నేను దాటాను."

"నేను?"

"ముందు చక్రం గీతకి అవతల, వెనక చక్రం ఇవతల. రెండూ దాటితేనే లెక్కట. గేటు దగ్గర జెండా పట్టుకున్నాయన గడియారం చూస్తున్నాడు."

"మరి తొక్కు!"

"కంగారులో పెడలు కాలికి అందట్లేదురా!"

"బావా, వెనకనుంచి నా సీటు పట్టుకుని ఎవరో తోస్తున్నారు. ఎవరది? బావా?"

"ఏమండీ, బిత్తరచూపులు మాని ఆ హ్యాండిలు తిన్నగా పట్టుకోండి! ఒరేయ్ తమ్ముడూ, నేను తోస్తున్నానుగా, ఆ బ్రేకు వదలరా!"