ఒంటరి గెలాక్సీలు

లక్షల గెలాక్సీల వెలుగు ఎంతగా ఎర్రబారిందో కొలిచి, వాటి దూరాలు తేల్చిన పెద్ద సర్వే అది. దాని ఆధారంగా తాను రాసిన వ్యాసాన్ని తెర మీద తెరిచి, పరిశోధక విద్యార్థిని తన ప్రొఫెసర్ పక్కన కూర్చుంది.

“ఈ ఒంటరి గెలాక్సీలను తీసెయ్యమ్మా.”

“ఎందుకు సార్?”

“గుంపుల్లో ఇరుక్కున్నవే కొత్త నక్షత్రాల్ని పుట్టించడం మానేస్తాయని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. చుట్టుపక్కల ఏమీ లేకుండానే ఇవీ మానేశాయని నువ్వు రాశావు. కొలతల్లో పొరపాటు జరిగుంటుంది.”

“నాకూ అదే అనుమానం వచ్చి, ఒక్కోదాన్నీ మళ్లీ చూశాను సార్. పొరపాటు లేదు.”

“నా దగ్గర నేర్చుకుని నాకే ఎసరు పెడతావా?”

“మీ మీద నా గౌరవం ఎక్కడికీ పోదు సార్. ఈ గెలాక్సీలూ ఎక్కడికీ పోవు.”

“అయితే వ్యాసం మీద నా పేరు తీసెయ్.”

ఆ పేరు పక్కన తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆయన దగ్గర చేరిన రోజు నుంచీ ఆమె ఆశపడింది. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఆయన పేరును ఒక్కో అక్షరమే చెరిపేసింది.

“తీసేశాను సార్. గెలాక్సీలు మాత్రం ఉంటాయి.”